ఉద్దానంలో రోగులే లేరన్న సర్వే

2006లో నేను విశాఖపట్నంలో ఒక ఫైనాన్స్ సంస్థలో అప్రైజల్ ఆఫీసర్‌ని. కొత్త కంపెనీలు పెట్టుబడి కోసం మా దగ్గరికి వచ్చేవి. వాళ్ళు చెప్పేదాంట్లో నిజమెంత, ఆ వ్యాపారం నిలబడుతుందా లేదా అని చూసి రిపోర్టు రాయడం నా పని. ఈ పనిలో ముదిరినవాడికి ఎదుటివాడి ఉత్సాహం చూస్తేనే అనుమానం. నాదీ అదే తంతు.

ఆ ఏడు హైదరాబాదు నుంచి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. పలాసలో డయాలసిస్ కేంద్రం పెడతామన్నారు. డయాలసిస్ అంటే పాడైన కిడ్నీలు చేయాల్సిన పని యంత్రం చేసి రక్తాన్ని శుభ్రం చేయడం. పలాసలో యంత్రం నడుస్తుంటే విశాఖలో పెద్ద డాక్టరు కంప్యూటర్లో చూస్తూ సలహా చెప్పే ఏర్పాటు వాళ్ళు తయారుచేశారు. మాది టెక్కలి. పలాస, సోంపేటల చుట్టూ ఉన్న ఉద్దానం ఊళ్ళలో కిడ్నీలు ఎలా పోతున్నాయో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. నా ఉద్యోగంలో మొదటిసారి ఒక కంపెనీ గెలవాలని మనసారా కోరుకున్నాను.

మా కమిటీకి డిమాండ్ సర్వే కావాలి. అంటే ఈ సేవ వాడుకునేవాళ్ళున్నారా అని ఇంటింటికీ తిరిగి, పేరు రాసి, సంతకం తీసుకోవాలి. సోంపేట అవతలి ఊళ్ళన్నీ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ బొండాం కొట్టి ఇచ్చారు గానీ పేరు మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. ఒక ఇంట్లో మంచం మీద మనిషి కాళ్ళు వాచిపోయి పడుకుని ఉంటే, భార్య అడ్డంగా నిలబడి, "ఎండకి నీరు పట్టింది బావు, మాకేటీ నేదు" అంది.

కొబ్బరితోట రైతు దాలయ్య ఇంట్లో విషయం బయటపడింది. ఎడమచేతి మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. అది జారితే, డయాలసిస్ సూదులు గుచ్చేచోట ఉబ్బిన నరం కనిపించింది.

"వైజాగు ఎల్తన్నావా మావా?" అన్నాను.

"వారానికి రెండుసార్లు. పలాసలో బండెక్కితే ఆ రోజంతా అక్కడే సరిపోద్ది."

"మరి పేరు రాయనా? పలాసలోనే మిషన్లొత్తాయి."

అతను చేతిని మళ్ళీ కప్పుకున్నాడు. "ఒద్దు బావు. అయ్య పోయాక తమ్ముడి పెళ్ళి నా మీదే పడింది. ఈ ఇంట్లో కిడ్నీ ఉందంటే పిల్లనెవులిత్తారు? ఊరోల్లంతా అందుకే దాత్తన్నారు. మిషన్లు రానీ. మొగానికి గుడ్డ కట్టుకునైనా వత్తాను."

రోగులున్నారనీ, సంబంధాలు తప్పిపోతాయని దాస్తున్నారనీ రిపోర్టులో రాశాను. కమిటీ పెద్దాయన ఖాళీ ఫారాలు తిప్పి చూశాడు. "దాచుకునేవాళ్ళు కస్టమర్లెలా అవుతారండీ?" అన్నాడు.

"ప్రాణం మీదకొస్తే వస్తారు సార్" అన్నాను.

"అది మీ ఊహ. సంతకాలేవీ?"

సంతకాలు లేవని కమిటీ పెట్టుబడి ఇవ్వనంది. ఇంజనీర్లు తమ యంత్రాలతో వేరే జిల్లాకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియని కోపం, ఎటూ పోదు కదా.

కొన్ని నెలల తర్వాత టెక్కలి వెళుతుంటే విశాఖ స్టేషన్లో దాలయ్య కనిపించాడు. సగం మనిషయిపోయాడు. తమ్ముడి పెళ్ళి అయిందా అని అడిగాను.

"అయింది బావు. నా జబ్బు సంగతి పిల్ల తరపోల్లకి తెలవకుండానే కానిచ్చేశాం." నవ్వాడు. "పెళ్ళయిన వారానికి ఆసుపత్రికెల్తే నా పక్క మంచం మీద పెళ్ళికూతురు తండ్రి. ఆయన చేతికీ గొట్టాలు, నా చేతికీ గొట్టాలు. 'బాగున్నారా బావగారూ?' అన్నాడు. 'బాగున్నాను' అన్నాను. ఇంకేటంతాం?"

నాకు నవ్వు రాలేదు. ఇద్దరూ ఒకరికొకరు దాచుకుని, ఇద్దరూ నా ఫారంలో లేకుండా పోయారు.

ఎవరూ అడగని సేవకి గిరాకీ లేనట్టేనని మాకు నేర్పారు. నోరు తెరిచి అడగలేనివాళ్ళ అవసరమే అన్నిటికన్నా పెద్దదని ఈ కేసులో తెలుసుకున్నాను. తెలుసుకుని చేసిందేమీ లేదు. ఆ తర్వాతా మా ఫారంలో సంతకం గడి అలాగే ఉంది.

మరుసటి ఏడు దాలయ్య పోయాడని విని పరామర్శకి వెళ్ళాను. ఏమైందని అతని తమ్ముణ్ణి అడిగాను. లోపల గర్భిణి అయిన తమ్ముడి భార్య ఉంది. ఆమె వైపోసారి చూసి, నా కళ్ళలోకి చూడకుండా అన్నాడు.

"జొరం బావు. ఉత్త జొరం."