కృపావతి దాచిన నెలలు

సోమవారం పొద్దున మిల్లు గేటు దగ్గర వరసలో నిలబడినప్పుడల్లా కృపావతికి నోరు ఎండిపోయేది. వరస ముందు ఆదెమ్మ ఉండేది. ఆదెమ్మ ఆడకూలీల మీద మేస్త్రి. నందిగామ శివార్లలో, హైదరాబాదు రోడ్డు పక్కనున్న ఆ జిన్నింగు మిల్లులో పనిచేసే ఆడవాళ్ళలో ఎవరైనా కడుపుతో ఉన్నారేమో కనిపెట్టి వెనక్కి పంపడం ఆమె పనుల్లో ఒకటి. ఒక్కొక్కరినీ పత్తి గంప ఎత్తి చూపమనేది. వంగినప్పుడు ఒళ్ళు చూసేది, లేచినప్పుడు మొహం చూసేది. అనుమానమొస్తే గట్టిగా అరిచేది కాదు. "ఇంటికి పో అమ్మాయ్. రేపట్నించి రామాక" అనేది, అంతే. కాన్పయ్యాక తిరిగొచ్చి అడిగితే ఆ చోట్లో ఇంకొకరు నిలబడి ఉండేవారు.

1979 చలికాలానికి కృపావతి రెండోసారి కడుపుతో ఉంది. ఆ సంగతి ఆమె భర్త ఏసురత్నానికి, అత్త ఆరోగ్యమ్మకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆమె పుట్టింది చిల్లకల్లులో. మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివింది. నందిగామకి కాపరానికొచ్చిన కొత్తలో మిరపకోతలకీ, పత్తి తీతలకీ పోయేది. మొదటి బిడ్డ పుట్టాక మిల్లులో చేరింది, ప్రాణానికి హాయి అనిపించింది. నెత్తిన ఎండ లేదు, సీజను ఉన్నన్నాళ్ళు రోజూ పని ఉంటుంది. ఏసురత్నం మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. నడుం పట్టేసిందంటే వారాల తరబడి మంచం దిగలేకపోయేవాడు. అలాంటప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగేది కృపావతి కూలితోనే.

జిన్ను మిషను ముందు నిలబడి పత్తి అందించడం ఆమె పని. మిషను గింజల్ని ఒకవైపు, దూదిని ఇంకోవైపు వదిలేది. ఎదురు వరస మిషన్ల దగ్గర మగవాళ్ళు చేసేదీ సరిగ్గా అదే. అన్నీ ఒక్క ఇంజనుతోనే నడిచేవి, ఒక్కసారే ఆగేవి. కూలి దగ్గరికొచ్చేసరికి మాత్రం మగవాడికి ఎక్కువ, ఆడదానికి తక్కువ. లోకరీతి అంతేనని అందరూ ఊరుకునేవారు. అది లోకరీతి కాదు, చట్టానికి విరుద్ధం అని మొదటిసారి చెప్పినవాడు రత్తయ్య. అతను ఇంజను గదిలో ఫిట్టరు, యూనియను పెట్టింది కూడా అతనే. చెప్పినప్పుడు ఆడవాళ్ళు నవ్వి ఊరుకున్నారు. వాళ్ళని యూనియన్లోకి తెచ్చింది రత్తయ్య మాటలు కాదు, బేబి.

బేబి కృపావతి పక్క మిషను దగ్గర పనిచేసేది. కిందటి సీజన్లో ఆదెమ్మ ఆమెని గేటు దగ్గరే ఆపేసింది. బేబి జగ్గయ్యపేటలో పుట్టింటికి పోయి, అక్కడ సున్నపురాయి క్వారీలో పనికి కుదిరింది. రాయి మోస్తూ ఏడో నెలలో బిడ్డని పోగొట్టుకుంది. ఆ కబురు మిల్లుకి చేరిన మధ్యాహ్నం ఎవరూ అన్నం గిన్నె మూత తియ్యలేదు. అదే వారం ఆడవాళ్ళంతా రత్తయ్య దగ్గరికెళ్ళి పేర్లు రాయించుకున్నారు. చేసే పని ఒకటైతే కూలి కూడా ఒకటే ఇవ్వాలన్నారు. కడుపుతో ఉన్న మనిషిని తీసెయ్యకూడదని, కాన్పుకి జీతంతో సెలవిచ్చి తిరిగొచ్చాక అదే పని ఇవ్వాలని అడిగారు. తమ తరఫున మాట్లాడటానికి కృపావతిని ఎన్నుకున్నారు. చర్చిలో వాక్యం చదివేటప్పుడు ఆమె గొంతు చివరి వరస దాకా వినిపించేది. కృపావతి సంతోషంగా ఒప్పుకుంది. సీజను ముగిసి మళ్ళీ మొదలయ్యేసరికి, ఎవరి కోసం మాట్లాడతానందో వాళ్ళలో తనూ ఒకతె అయింది.

మొదట్లో దాచడం కష్టమనిపించలేదు. మిషను ముందు నిలబడేవాళ్ళంతా నడుముకి గోనెపట్టా కట్టుకునేవారు. దాని కింద ఏముందో దేవుడికి తెలియాలి. ఇంజను నూనె వాసనకి వాంతి వచ్చినట్టయితే కొంగున కట్టుకున్న అల్లం ముక్క కొరికేది. సోమవారం గేటు దగ్గర మాత్రం పళ్ళ బిగువున గంప ఎత్తి, ఆదెమ్మ కళ్ళలోకి చూసేది. చూపు తిప్పుకుంటే అనుమానం వస్తుందని ఆమె నమ్మకం.

సంక్రాంతి దాటాక ఒకతె గోనెపట్టా మిషను బెల్టులో చిక్కుకుంది. మనిషికి ఏమీ కాలేదు. ఆ మర్నాడే మేనేజరు భవానీప్రసాద్ వచ్చి ఇకమీదట ఎవరూ పట్టాలు కట్టకూడదన్నాడు. మంచి మాటే. అందరూ బాగుందన్నారు. కృపావతి కూడా తలూపింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మొగుడి పాత పంచె చింపి, పొట్ట చుట్టూ బిగించి కట్టుకుని చూసుకుంది.

"ఊపిరాడుద్దా లోపల బిడ్డకి?" అంది ఆరోగ్యమ్మ.

కృపావతి పంచె ముడి విప్పి సర్దుకుంది. ఆ ప్రశ్న మాత్రం ఆమెని వదల్లేదు. మిషను మోతలో నిలబడి లోపల కదలిక కోసం ఎదురుచూసేది. ఇంజను అదురు కాళ్ళ గుండా పైకి పాకేది, ఏది అదురో ఏది బిడ్డో తెలిసేది కాదు. ఒక రోజు పొద్దుటినుంచి ఏమీ తెలియలేదు. పని ముగిసేదాకా ఆగి, దొడ్లోకి పోయి కట్టు విప్పేసింది. చాలాసేపటికి చిన్న తన్ను తగిలాక అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మర్నాడు మళ్ళీ కట్టుకుంది.

ఏసురత్నం యూనియను మానెయ్యమని పోరు పెట్టాడు. ముందుకొచ్చి మాట్లాడే మనిషినే అందరూ పైనుంచి కిందకి చూస్తారని అతని భయం. అందులో తప్పేమీ లేదని కృపావతికీ తెలుసు.

ఫిబ్రవరిలో రత్తయ్య కబురు తెచ్చాడు. కార్మిక శాఖ ఆఫీసరు బెజవాడ నుంచి వచ్చే నెలలో మిల్లుకి వస్తున్నాడు. కూలి తేడా అందరి కళ్ళ ముందూ ఉన్నదే. ఆడవాళ్ళని తీసేస్తున్నారన్న సంగతి మాత్రం ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి చెప్పాలి. తీసేసినవాళ్ళంతా చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. బేబిని తీసుకురమ్మని కృపావతినే పంపారు.

ఆదివారం చర్చి అయ్యాక ఆమె జగ్గయ్యపేట బస్సెక్కింది. బేబి ఇంటి ముందు కూర్చుని వేళ్ళకున్న పగుళ్ళకి వేపనూనె రాసుకుంటోంది. చెప్పిందంతా విన్నది. ఆఫీసరు ముందు బిడ్డ మాట మళ్ళీ ఎత్తడం తన వల్ల కాదంది. క్వారీ కంట్రాక్టరుకి తెలిస్తే ఇక్కడి పని కూడా పోతుందంది. కృపావతి బతిమాలడానికి ముందుకి వంగి, అంతలోనే నడుం పట్టుకుని నిటారుగా అయింది.

బేబి ఆమెని తేరిపార చూసింది. "ఎన్నో నెలక్కా?"

కృపావతి కొంగు ముందుకి లాక్కుంది. అబద్ధం నోటి దాకా వచ్చింది గాని బేబి ముందు బయటికి రాలేదు. "ఐదు నిండింది" అంది.

"మరి నన్నెందుకు పిలుస్తన్నావ్? నువ్వే ఉన్నావుగా చెప్పటానికి."

కోపంగా అనలేదు. నూనె సీసాకి మూత పెడుతూ మామూలుగానే అంది. తిరుగు ప్రయాణంలో చిల్లకల్లు దగ్గర బస్సు ఆగినప్పుడు దిగిపోయి అమ్మ దగ్గర ఉండిపోదామా అనిపించింది కృపావతికి. దిగలేదు.

బేబి రానందని మాత్రం రత్తయ్యకి చెప్పింది. మిగతాది చెప్పలేదు. తర్వాత జరిగిన యూనియను సమావేశానికి ఒంట్లో బాగాలేదని పోలేదు. దాంతో గుసగుసలు మొదలయ్యాయి. దూదిలో చెత్త ఏరే పాకలో పనిచేసే రాఘవమ్మ పెద్ద నోరు గల మనిషి. ఆమె అందరూ వినేటట్టే, మేనేజరు కృపావతికి ఏం ఆశ పెట్టాడోనంది. కృపావతి తలొంచుకుని మంచినీళ్ళ పంపు దగ్గరికి పోయింది. వెనకనే ఆదెమ్మ వచ్చింది. చుట్టూ చూసి, చెంబు కడుగుతున్నట్టు పక్కనే వంగింది.

"నాకు తెలుసే" అంది.

కృపావతి గ్లాసు కింద పెట్టింది.

"ముందునించే తెలుసు. నేను నలుగురిని కన్నదాన్ని. గంప ఎత్తేటప్పుడు ఊపిరి బిగపడితే తెలీదా? ఎందుకో నోరు రాలా." ఆదెమ్మ చెంబు బోర్లించింది. "కానీ ఆఫీసరు ముందుకి నువ్వు రామాక. నువ్వు మాట్లాడితే ఆ మేనేజరు నిన్ను చూస్తాడు. నిన్ను చూస్తే, నువ్వెట్టా చూడలేదని నన్నడుగుతాడు. ముసలి మొగుడున్నాడు నాకు, ఆయన కంటికి ఆపరేషను కావాలి. మనిద్దరం మునుగుతాం."

"నేను నోరు మూసుకుంటే?"

"నీ నెలలు నిండేదాకా నేనూ కళ్ళు మూసుకుంటా."

ఆ మాట మీద కృపావతి వారం రోజులు బతికింది. అన్నం సయించలేదు. ఏసురత్నం అదే మంచిదన్నాడు. ఆరోగ్యమ్మ కూడా అదే అంది. ఆమెకీ అదే మంచిదనిపించేది, పడుకోబోయేముందు తప్ప. పడుకుని కట్టు విప్పుకోగానే లోపలి బిడ్డ ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలేది. అప్పుడు మాత్రం బేబి అన్న మాట గుర్తొచ్చేది.

ఆఫీసరు వచ్చిన రోజున మిల్లు ఆఫీసు వరండాలో కుర్చీలు వేశారు. ఇంజను ఆపేశారు. పనివాళ్ళంతా ముంగిట్లో నిలబడ్డారు. కృపావతి ఆడవాళ్ళ వెనక, స్తంభం పక్కన నిలబడింది. రత్తయ్య కూలి సంగతి చెప్పాడు, ఆఫీసరు రాసుకున్నాడు. తర్వాత ఆడవాళ్ళని తీసెయ్యడం సంగతి ఎత్తాడు. భవానీప్రసాద్ మర్యాదగా నవ్వి, అలాంటి ఆచారమే తమ మిల్లులో లేదన్నాడు. కడుపుతో ఉన్నవాళ్ళు తమంతట తామే మానేస్తారట. ప్రస్తుతం అలాంటి వాళ్ళెవరూ పనిలో లేరట, కావాలంటే మేస్త్రిని అడగొచ్చట.

తీసేసినవాళ్ళు ఎవరైనా ఇక్కడున్నారా అని ఆఫీసరు అడిగాడు. ఎవరూ కదల్లేదు. రత్తయ్య వెనక్కి తిరిగి చూశాడు, కృపావతి కనిపించలేదు. ఆఫీసరు కలం మూత పెట్టబోయాడు.

తను ఎప్పుడు స్తంభం వదిలిందో కృపావతికి తెలియదు. ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. మెట్ల దగ్గరికి పోయి, చేతులు కట్టుకోకుండా నిలబడింది.

"నాకిప్పుడు ఆరో నెలండి" అంది. "ఈ సీజను మొదలైనకాడ్నించి దాచిపెట్టి పన్జేస్తన్నా. తెలిస్తే గేటు దగ్గర్నించే పంపేస్తారండి. పొట్టకి గుడ్డ చుట్టుకుని వస్తన్నా."

మేనేజరు మొహం ఎర్రబడింది. ఈ మనిషి అబద్ధమాడుతోందని, యూనియను వాళ్ళు నేర్పిన మాటలని అన్నాడు. ఆఫీసరు మేస్త్రి ఎవరని అడిగాడు. ఆదెమ్మ ముందుకొచ్చింది. ఆమె చూపు ఎటు పడుతుందోనని కృపావతి నేల చూపులు చూసింది. కాదంటుందనే అనుకుంది. అన్నా తప్పు పట్టదలుచుకోలేదు.

ఆదెమ్మ ఆఫీసరు వైపు తిరిగింది. "నిజమేనండి. కడుపుతో ఉన్నవాళ్ళని ఏరి పంపమని నాకే చెప్పారు. చానామందిని పంపా. ఈ పిల్లని పంపలేకపోయా."

ఆఫీసరు మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

కృపావతిని ఎవరూ ముట్టుకోలేకపోయారు. ఆమె పేరు, నెలతో సహా ఆఫీసరు కాగితాల్లోకి ఎక్కింది. ఆదెమ్మని మాత్రం ఆ శనివారమే లెక్క చూసి పంపేశారు, కారణం చెప్పలేదు. కృపావతి ఆమె ఇంటికి పోతే ఆదెమ్మ తలుపు దగ్గరే నిలబడి, లోపలికి రమ్మనలేదు. "నిన్ను చూస్తే కోపమొస్తంది, నామీద నాకూ కోపమొస్తంది. పొయ్యి రా" అంది.

ఆదెమ్మని తిరిగి తీసుకోవాలన్న మాటని యూనియన్లో చాలామంది ఒప్పుకోలేదు. యజమాని మనిషి, మన ఆడవాళ్ళ ఉసురు పోసుకుందన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది రాఘవమ్మే. కృపావతి నిండు నెలలతో ఒక్కో గడపకీ తిరిగింది. ఆ రోజు ఆదెమ్మ నోరు విప్పకపోతే నా మాట ఎవరు నమ్మేవారని అడిగింది. కొందరు తలుపు వేసేశారు. కొందరు ఆలోచిస్తామన్నారు. వాళ్ళు ఆలోచిస్తుండగానే ఆమెకి నొప్పులొచ్చి, ప్రభుత్వాసుపత్రిలో మగపిల్లాడు పుట్టాడు. పిల్లాడి నడుం, కాళ్ళు, వేళ్ళు అన్నీ తడిమి చూసుకునేదాకా ఆమె నర్సు చేతికి కూడా ఇవ్వలేదు. ఆ కట్టు వల్ల ఏదో లోపం వచ్చి ఉంటుందనే భయం పిల్లాడు నడక నేర్చేదాకా పోలేదు.

కాన్పు సెలవు ఇచ్చారు. జీతం ఆలస్యంగా, ఆఫీసరు రెండుసార్లు ఉత్తరం రాశాక ఇచ్చారు. తర్వాతి సీజను మొదట్లో ఆడా మగా కలిసి పని ఆపేశారు. కోరికల్లో ఆదెమ్మ పేరు చివరన ఉంది, అయినా ఉంది. పత్తి లారీలు రోడ్డు మీద బారులు తీరాక యజమాని దిగొచ్చాడు. కడుపు చూసి పంపడం పోయింది. జిన్ను దగ్గర కూలి ఆడా మగా ఒకటే అయింది. ఆదెమ్మని మేస్త్రిగా కాకుండా, దూది ఏరే పాకలో మామూలు కూలిగా తీసుకున్నారు.

పాకలో ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళే. పోల్చి చూపడానికి అక్కడ మగవాడు లేడు కనుక వాళ్ళ కూలి పెంచక్కర్లేదని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ సంగతి ఒప్పందం చదువుతున్నప్పుడు కృపావతి కంట పడలేదు. మొదటి వారం కూలి చేతికొచ్చాక ఆదెమ్మే వచ్చి అడిగింది.

"మీకు సమానం చేశారంటగా. మరి మాకో?"

పక్కన రాఘవమ్మ నిలబడి ఉంది. ఆమెదీ పాకలో పనే. ఇద్దరూ కలిసి వచ్చారు. గెలిచామని ఊరంతా చెప్పుకున్నాక, మళ్ళీ పని ఆపమంటే ఎవరు వింటారు? ఏసురత్నం నడుం మళ్ళీ పట్టేసి ఉంది, ఇంట్లో ఇద్దరు పిల్లలు.

"నేను చూసుకోలేదు పిన్నీ. తప్పు నాదే" అంది. "రత్తయ్యన్న దగ్గరికి పోదాం పదండి."

ముగ్గురూ ఇంజను గది వైపు నడిచారు. పాక కూలి పెరగడానికి ఇంకో నాలుగు సీజన్లు పట్టింది.