సుగ్గికి పోయిన పాట

మొన్న కల్లూరు నుంచి బజారుకు షేర్ ఆటోలో పోతుంటే, డ్రైవరు పెట్టిన పాట ఒకటి నన్ను ఉన్నచోటే కట్టేసింది. "ఎర్రని సేనులోన ఎవరెవరుండారే, పిలిస్తే పలకండే పొద్దు మునిగేలోపు" అని ఎవరో పిల్ల హాయిగానే పాడుతోంది, వెనకాల డప్పులూ కీబోర్డూ దంచేస్తున్నాయి. నా ఈడువాళ్లు కొందరైనా ఆ పాటను చేలల్లో వినే ఉంటారు. నేను మాత్రం దాన్ని వెతుక్కుంటూ జిల్లాలు దాటి పోయినదాన్ని.

మా అమ్మది కోసిగి. పెళ్లయి కర్నూలుకొచ్చాక పొయ్యి ముందు కూర్చుని ఆ ఒక్క పల్లవే పాడేది, పాడి ఆగిపోయేది. మిగతాది పాడమని ఎంత గోల పెట్టినా నవ్వి ఊరుకునేది. నేను పదో తరగతిలో ఉండగా ఆమె పోయింది, పాట సగంలోనే మిగిలింది. టీచరు ఉద్యోగం రాగానే టేపురికార్డరు కొనుక్కుని, ఆ మిగతా సగం కోసం ఊళ్లమీద పడ్డాను. ఆడపిల్ల సంచి తగిలించుకుని పాటగాళ్ల వెంట తిరగడమేమిటని నాన్న చిందులు తొక్కారు, తొక్కనీ అనుకున్నాను. కడప పల్లెల్లో చెక్కభజన చేసేవాళ్ల వెంట తిరిగాను, శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే భక్తుల వెనక అడవిలో నడిచాను, పీర్ల పండుగలో పాడే ఒక తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తనకొచ్చిన పాటలన్నీ వినిపించాడు. ఎన్ని దొరికినా అమ్మ పాట దొరకలేదు. అమ్మ పోయాక నాన్నకూ ఆమె పుట్టింటికీ మాటలు తెగిపోయాయి గనుక కోసిగి పోవడానికే నాకు మొహం చెల్లలేదు. చివరికి తెగించి ఒక మాఘంలో బస్సెక్కాను.

తీరా పోతే వీధి వీధంతా తాళాలే. అది సుగ్గి కాలం, అంటే వాన మొహం చాటేసిన ఆ ఊళ్లవాళ్లు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలసపోయే కాలం. అరుగు మీదున్న అవ్వ ఒకామె నా టేపురికార్డరు చూసి, "పాడేవాళ్లంతా సుగ్గికి పోయినారు పాపా. ఈడ తాళాలుండాయి, వాటిని పాడమను" అని పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది గానీ, మా చిన్నమ్మ వాళ్లు ఏ ఊరి చేలల్లో ఉన్నారో చెప్పింది కూడా ఆ అవ్వే.

బస్సులు మారి మారి ఆ మిరపచేను గట్టెక్కేసరికి, మా అమ్మ చెల్లెలు తలగుడ్డ తీసి నన్ను ఎగాదిగా చూసి, ఒక్క మాటా అడక్కుండా కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత పాట మిగతాది చెప్పమంటే అందరూ ఒకటే నవ్వు. "పాటకు కొస యాడుంటాదే? సాలు ఎంతుంటే పాట అంత. కాయ కోసేదానికి రా, నీకే తెలుస్తాది" అని చిన్నమ్మ నన్నూ వరుసలో నిలబెట్టింది. ఆమె పల్లవి ఎత్తి, వరుసలో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తుంది, పిలిచినవాళ్లు ఉన్నచోటి నుంచే "ఓ" అని పలకాలి. పలక్కపోతే ఎండకు సొమ్మసిల్లారేమోనని పక్కవాళ్లు చూస్తారు. ఊళ్లో ఉండిపోయినవాళ్లనూ, కాలం చేసినవాళ్లనూ కూడా పిలుస్తారు, వాళ్ల తరఫున సొంతవాళ్లు పలుకుతారు. అమ్మ పల్లవి దగ్గరే ఎందుకు ఆగిపోయేదో నాకప్పుడు తెలిసింది. కర్నూలు వంటింట్లో ఆమెకు పలికేవాళ్లెవరున్నారు?

చివరికి చిన్నమ్మ "ఈరమ్మా" అని మా అమ్మను పిలిచింది. ఇన్నేళ్లూ ఆ పేరు తనే పిలిచి తనే పలికేదట, ఆ రోజు మాత్రం పలక్కుండా నా వైపు చూసింది. నేను "ఓ" అని గట్టిగా పలికాను.

ఆటోలో పాటలో ఆ పేర్ల చోటంతా డప్పులు నింపారు. పాతదంతా బంగారమని ముక్కు చీదే మనిషిని కాను నేను. సుగ్గికి పోయే ఖర్మ తప్పి, దాంతోపాటు ఆ పాటా పోయుంటే సంతోషించేదాన్నే. కానీ సుగ్గి పోలేదు, ఇప్పటికీ మాఘం వస్తే కోసిగిలో తాళాలు పడుతూనే ఉన్నాయి, పేర్లే పోయాయి. పల్లవి అయిపోయి డప్పులు అందుకోగానే నేను మనసులో అమ్మనూ, ఇప్పుడు లేని చిన్నమ్మనూ పిలిచి, పైకే "ఓ" అన్నాను. ఆటోలో అందరూ తిరిగి చూశారు. చూస్తే చూడనీ, మా వాళ్ల తరఫున పలకడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.