పుస్తకంలో తాడుపోగు

ఆ రోజు పొద్దున మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీ మీద నల్లదుమ్ము అలాగే ఉంది. హార్బరుకు ఇంత దగ్గరగా ఉన్న మా వీధిలో తెల్లారేసరికి అన్నిటి మీదా ఆ దుమ్ము పడుతుంది. కింది వాటా కలాసీ తాత లేవగానే తడిగుడ్డతో ముందు కుర్చీ తుడిచేవాడు, ఆ తరవాతే మొహం కడుక్కునేవాడు. పాలప్యాకెట్టు కోసం దిగిన నేను కుర్చీని చూసి ఆగిపోయాను. తలుపు తీసుకుని ఆయన కూతురు బయటికి వచ్చింది.

"నాన్న ఎల్లిపోనాడమ్మా. నిద్దట్లోనే," అంది.

ఆమె వెనక గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

నా కథలు చదివి ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది అడిగింది ముసలి కలాసీ గురించే. అందుకే ఆయన ఎవరో మీకు చెప్పాలి. సీతమ్మధారలో ఒక మేడ మీద పదిమంది కలిసి ఒక కంప్యూటరు ఆట తయారుచేశారు. అంతరిక్షంలో యుద్ధం. ఆడేవాళ్ళు ఓడలు కట్టుకుని, గ్రహాల మధ్య రేవులు పట్టుకుంటూ పోవాలి. ఏ ఓడను పోగొట్టుకుంటే ఏ రేవు దక్కుతుందో ఎత్తు వెయ్యాలి. తెర మీద మనుషులు కనపడరు, చుక్కల్లాంటి ఓడలే కనపడతాయి. ఆ ఓడల్లోని మనుషుల కథలు తెలుగులో పుస్తకాలుగా రాయడం నా పని.

కలాసీ తాత పోర్టులో టగ్గు మీద తాళ్ళు పట్టే పని చేసి రిటైరయ్యాడు. టగ్గంటే పెద్ద ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే చిన్న ఓడ. రిటైరయ్యాక కూడా ఆయన చేతులు ఊరుకోలేదు. పాత నీలం నైలాను తాళ్ళు తెచ్చి, పోగులు విప్పి, మళ్ళీ పేని, వీధిలో అందరికీ బట్టలారేసుకునే తాళ్ళు చేసి ఇచ్చేవాడు.

మా ఇంట్లో చోటు లేక నేను రాసుకున్న కాగితాలు మెట్ల మీద కూర్చుని చదువుకునేదాన్ని. మా కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన చదువు అది, పక్కవాళ్ళకు వినపడకుండా.

"ఏటలా గొణుగుతన్నావు పాపా? జపమేటి?" అన్నాడు తాత ఒకరోజు.

"కథ తాతా. నేనే రాశాను."

"రాసినదానివి దాసుకుంతావేటి? గట్టిగా సదువు. ఇంజను పక్కన నిలబడినోడికి ఇనిపించాల."

చదివాను. మహానౌక ఆకాశంలో దూసుకొచ్చి రేవు దగ్గర ఆగింది, అని మొదలవుతుంది. తాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"ఆగిందంతావేటి? ఓడ దానంతట అది ఆగదు. పెద్దోడని నడిపీడం సులువే, ఆపడమే కట్టం. దానికి టగ్గోల్లం మావుండాల."

"ఇది ఆకాశం తాతా. అక్కడ నీళ్ళుండవు."

"నీల్లు నేకపోతే మరీ ఆగదు."

నేను మార్కులు తెచ్చుకున్న ఫిజిక్సు అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆట చేసినవాళ్ళకు ఆ మాటే చెప్పాను. వాళ్ళు రేవుల దగ్గర టగ్గులు పెట్టారు. కాని ఆటలో అది అన్నిటికన్నా చిన్న ఓడ. ఆడేవాళ్ళు ముందు దాన్నే శత్రువుకు ఎరగా వేసేవారు. ఆ సంగతి చెబితే తాత చేతిలో తాడు ఆగింది.

"దాంట్లో ఎవులున్నారు?"

"ఎవరూ లేరు తాతా. బొమ్మ."

"ఎవులూ నేకుండా తాడెవులు ఇసిరీది?"

ఆ రాత్రి టగ్గులోకి ఒక ముసలి కలాసీని ఎక్కించాను. అప్పటినుంచి సాయంత్రం నేను మెట్ల మీద కనపడితే చాలు, తాత అడిగేది ఒకటే.

"నాను ఇయాల ఏటి సేత్తన్నాను?"

ఒకసారి కథలో కలాసీ కాసేపు కునుకు తీశాడు. తాతకు కోపం వచ్చింది. "డూటీలో నిద్రోతన్నానేటి? టగ్గు నడిపీ మా సరంగు ఊరుకోడు. మార్సీ," అన్నాడు. మార్చాను.

మొదటి వాక్యం దొరక్క నేను ఊరికే కూర్చున్న రోజుల్లో ఆయన చెప్పింది ఒకటి ఉంది. "లావు తాడు ఎవులూ ఇసరనేరు పాపా. ముందు సన్నతాడు ఇసురు. అది అందుకున్నాక లావుది దాని ఎనకాలే వత్తాది." ఇప్పటికీ నేను చిన్న వాక్యంతోనే మొదలుపెడతాను.

చివరి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఆటలో ఆఖరి యుద్ధం తయారైపోయింది. మూసుకుపోతున్న రేవులోంచి మహానౌక బయటపడాలంటే టగ్గు లోపలే ఉండిపోవాలి. పుస్తకం కూడా అలాగే ముగియాలన్నారు. గట్టిగా చదవడం నేర్చుకున్నాను గాని గట్టిగా మాట్లాడటం నాకు రాలేదు. "కలాసీని బతకనిద్దాం," అని మీటింగులో ఒకసారి అన్నాను. ఎవరికీ వినపడినట్టు లేదు. రెండోసారి అనలేదు.

అప్పటికే తాతకు ఆయాసం ఎక్కువైంది. కుర్చీలోంచి లేచి గుమ్మం దాటడానికి గోడ పట్టుకునేవాడు.

"అయ్యిందేటి పాపా?"

"ఇంకా లేదు తాతా."

అప్పటికి రాసి పంపేశాను కూడా. అచ్చయి వచ్చాక ఇక దాచడానికి లేకపోయింది. పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టాను. అట్ట మీద టగ్గు బొమ్మ ఉంది. దాన్ని చాలాసేపు బొటనవేలితో తడిమాడు.

"నాను ఉన్నానా దీంట్లో?"

"ఉన్నావు."

"సదువు మరి."

"ఆఫీసు పనుంది తాతా. రేపు."

ఆయన నా మొహంలోకి చూశాడు. "సరే, ఎల్లు. నాను సూసుకుంతాన్లే," అన్నాడు.

ఆ రేపు నేను రానివ్వలేదు. తొందరగా దిగి, ఆలస్యంగా ఎక్కేదాన్ని. తాత కూడా మళ్ళీ అడగలేదు. పుస్తకం ఆయన కిటికీ గట్టు మీద ఉండేది, గుర్తుగా మధ్యలో ఒక నీలం తాడుపోగు. మెట్లు దిగేటప్పుడు కిటికీలోంచి కనపడేది. రోజూ ఆ పోగు కొన్ని పేజీలు ముందుకు జరిగేది. చదువుకుంటున్నాడు కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అలా నెల గడిచింది.

తాత పోయిన మూడో రోజు ఆయన కూతురు ఆ పుస్తకం తెచ్చి నా చేతికిచ్చింది.

"రోజూ పొద్దున్నే కుర్సీ తుడిసి, దీంట్లో పోగు ముందుకి జరిపీవోడమ్మా. ఏటిది నాన్నా అని అడిగితే, పాప సూత్తాది అనీవోడు."

తాడుపోగు పుస్తకం చివరికి నాలుగు పేజీల ముందు ఉంది. అక్కడ టగ్గు ఇంకా మహానౌకను లాగుతూనే ఉంది. కలాసీ తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కలాసీ తాతకు చదవడం రాదు. ఆ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.