ఆమె తీసుకోని గిన్నె

ఒకే పాఠం అన్నేళ్లు చెప్పేసరికి నాకే విసుగొచ్చింది. జవహర్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డు మా చర్చి, నేను దాని పాస్టర్‌ని. బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లకు నాలుగు శనివారాలు పాఠం ఉండేది. తొలి క్రైస్తవ సంఘంలో ఒకరు విశ్వాసమే చాలన్నారు, ఇంకొకరు అది చేతల్లో కనబడాలన్నారు. ఇద్దరిదీ ఒకే మాటేనని నేను సర్దిచెప్పేవాణ్ని. నమ్మినవాళ్లు లోబడతారు, నీళ్లలో మునగడం మొదటి విధేయత, మునగనివాళ్లకు ప్రభువు బల్లలో ద్రాక్షరసం గిన్నె అందదు.

2010లో ఆ పాఠం అందరికంటే శ్రద్ధగా విన్నది ఇంజనీరింగ్ కాలేజీలో ఊడ్చే ఒకామె. తీరా బాప్తిస్మానికి శామీర్‌పేట చెరువుకు బయల్దేరే రోజు ఆటో ఎక్కలేదు.

"నా బిడ్డకు ఎస్సీ కోటాల ఇంజనీరింగ్ సీటొచ్చింది అయ్యగారూ. నేను మునిగినట్టు చర్చి రిజిస్టర్ల ఎక్కితే దాని సర్టిఫికెట్ పోతదంటున్నరు. దాని సదువు అయిపోనియ్యుండ్రి."

"ఇంతకీ నమ్మకం ఉన్నట్టా, లేనట్టా?" అని కసిరాను.

"నమ్మకమైతే ఉంది. ధైర్యమే లేదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. మరుసటి ఆదివారం ఆమె పేరెత్తకుండా అవిధేయత మీద గంటసేపు దంచాను. తలవంచుకుని విన్నది. అందరూ వెళ్లాక షెడ్డు ఊడ్చి వెళ్లింది.

నెలకోసారి గిన్నె వెనక వరస దాకా వచ్చి ఆమెను దాటిపోయేది. పక్కనున్న చెత్త డంపు వాసన ముంచుకొచ్చిన రోజుల్లో సగం మంది ఎగ్గొట్టినా ఆమె మానలేదు. నేనా, అలవాటుకొద్దీ వచ్చేవాణ్ని. చేయాల్సినవన్నీ చేస్తున్నాను, నమ్ముతున్నానా అంటే చెప్పలేను. గిన్నె పెదవికి ఆనించి, తాగకుండానే పక్కవాళ్లకిచ్చేవాణ్ని. ఎవరూ చూడలేదనే అనుకున్నాను.

2013 చలికాలంలో ఒక ఆదివారం, గిన్నె ఆమెను దాటిపోతుంటే చూడటం ఇక నావల్ల కాలేదు. ఆ నియమం చెప్పింది నేనే, తీసేసేదీ నేనే అనుకుని గిన్నె పట్టుకుని వెనక వరసకు వెళ్లాను.

"తీసుకో అమ్మా," అన్నాను.

ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

"వద్దయ్యగారూ. మునగంది తాగొద్దని మీరే జెప్తిరి గదా. ఇంకా ఆర్నెల్లే, బిడ్డ సదువైపోతది."

సిగ్గేసింది. ఇన్నేళ్లలో నా మాట పూర్తిగా పట్టుకున్నది ఈమె ఒక్కతే.

ఆమె గొంతు తగ్గించి, పక్కవాళ్లకు వినబడకుండా అంది:

"మీరు తాగుండ్రి అయ్యగారూ. మస్తు దినాలైంది మీరు తాగక."