పాటల పీరియడు మీద పందెం

1955లో నాకు మొదటి ఉద్యోగం ఆదోని తాలూకాలో, కౌతాళం దారిలో ఉన్న ఒక పల్లె బడిలో వచ్చింది. బోర్డు స్కూలు అనేవాళ్ళు, అంటే జిల్లా బోర్డు నడిపే బడి. రెండు గదులు, ముందు నాపబండలు పరిచిన పొడుగాటి వరండా, ఇద్దరమే టీచర్లం. మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. ట్రెయినింగ్ ముగించుకుని, ట్రంకుపెట్టెతో అక్కడ బస్సు దిగేనాటికి నా బుర్ర నిండా పాటలే. పిల్లలకు లెక్కలెంత ముఖ్యమో పాటలూ బొమ్మలూ అంతే ముఖ్యమని ట్రెయినింగ్ స్కూల్లో మా మాస్టరుగారు హార్మోనియం ముందు కూర్చుని మరీ చెప్పేవారు. నేను నమ్మేశాను. ఏదైనా నమ్మడంలో నాకు కొంచెం తొందర ఎక్కువ.

హెడ్మాస్టరు పేరు హనుమంతప్ప. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, కోపం వస్తే రెండూ. లెక్కలు చెప్పడంలో అంతటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఏ పిల్లాడు బడి ఎగ్గొట్టినా చేను దాకా నడిచి వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. కానీ టైంటేబుల్లో శుక్రవారం మధ్యాహ్నం ఉన్న ‘సంగీతం, చిత్రలేఖనం’ పీరియడంటే మాత్రం ఆయనకు ఒళ్ళుమంట.

ఒక్క ఆయన్నని ఏం లాభం? ఆదోనిలో టీచర్ల మీటింగుకు వెళ్ళినప్పుడు, ఆ పీరియడులో మీరేం చేయిస్తారని పక్కన కూర్చున్నవాళ్ళను అడిగాను. ఒకాయన రిజిస్టర్లు రాసుకుంటాడట. ఇంకొకాయన పిల్లలతో బడి ఊడ్పిస్తాడట. మూడో ఆయన బోర్డు మీద కుండ గీసి, ‘చూసి దించండి’ అని చెప్పి కునుకు తీస్తాడట. దానికి ఆబ్జెక్ట్ డ్రాయింగ్ అని పేరు, అంటే ఎదురుగా ఉన్న వస్తువును చూసి గీయడం. చెప్పి అందరూ హాయిగా నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బడికి వచ్చి హెడ్మాస్టరుగారి దగ్గర ఆ మాటే ఎత్తాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“చూడమ్మా. ఈళ్ళ అమ్మానాయినలు కూలికి పోతా పిల్లోళ్ళను బడికి పంపేది ఎందుకు? సంతలో ఎవురూ మోసం చేయకుండా ఉండేదానికి. పాటలు నేర్పినావనుకో, ‘మా ఇండ్లల్లో లేవా పాటలు?’ అంటారు. మర్సనాడే కలుపు తీసేదానికి తోలుకపోతారు. ఇది బడి, నాటకం కంపెనీ కాదు.”

“పాట వస్తే పిల్లోళ్ళు బడిని ఇడిసిపెట్టరు సార్” అన్నాను.

“అట్లనా? అయితే పందెం. డిప్యూటీ ఇన్స్పెక్టరు వస్తాడు కదా, ఆయప్ప ముందర మన పిల్లోళ్ళు ఒక్క పాట పాడితే ఆ పీరియడు నీది. నోరు మెదపకపోతే ఆ పొద్దునించి నోటిలెక్కలు. సరేనా?”

డిప్యూటీ ఇన్స్పెక్టరంటే బడులు తనిఖీ చేసే అధికారి. ఆయన వచ్చి టైంటేబుల్ మీద సంతకం పెడితే ఇక ఆ సంవత్సరానికి తిరుగులేదు. ఒక్క పాటే కదా, అదెంత పని అనుకుని సరేనన్నాను.

మొదటి శుక్రవారం పిల్లలంతా చేతులు కట్టుకుని వరసగా కూర్చున్నారు. బడి మర్యాద అది. వాన మీద నేనే కట్టిన పాట ఒకటి కళ్ళు మూసుకుని పాడాను. కళ్ళు తెరిచి చూద్దును కదా, అందరూ బెల్లం కొట్టిన రాళ్ళే! పాడండర్రా అని బతిమాలాను. గదమాయించాను. చివరికి అందరూ కలిసి ఒకే గొంతుతో, ఒక్కో ముక్కా తెంచి తెంచి అప్పజెప్పారు.

పక్క గదిలోనుంచి హెడ్మాస్టరుగారి గొంతు వినిపించింది: “టీచరమ్మా, అది పాటనా, పదమూడో ఎక్కమా?”

తర్వాతి శుక్రవారమూ అంతే, ఆ తర్వాతా అంతే. ముందు వరసలో నర్సి అనే పిల్ల ఉండేది. మిగతా రోజుల్లో దాని నోటికి తాళం వేయడానికి ఎవరి తరమూ కాదు. నేను రాగం ఎత్తితే మాత్రం జాలిగా నా మొహం చూస్తూ కూర్చునేది. నాకు ఏడుపొచ్చేది, దాని వెనకే రోషం పొడుచుకొచ్చేది.

విత్తనం వేసే అదును దగ్గరపడింది. ఆ కాలంలో విత్తనానికి దాచిన బుడ్డలను, అదే వేరుశనక్కాయలను, ఇంటింటా కూర్చుని వలుస్తారు. నర్సి వాళ్ళమ్మ ఈరమ్మ ఒక ఆదివారం నన్ను కేకేసి పిలిచింది.

“ఒక్కతివే కూసోని ఏం చేస్తావు టీచరమ్మా, రా, ఆడ నాలుగు బుడ్డలు వలుద్దువు గానీ.”

వాళ్ళ వీధి మొదట్లోనే నా కాళ్ళు ఆగిపోయాయి. పాట! ఒక గొంతు ఎత్తుకుంటే పది గొంతులు అందుకుంటున్నాయి. గబగబా వెళ్ళి చూస్తే కుప్ప చుట్టూ ఆడవాళ్ళు, మధ్యమధ్య నా బడి పిల్లలు. పాట ఎత్తి ఇస్తున్నది ఎవరనుకున్నారు? మా నర్సి! వేళ్ళు టపటపా కాయలు చిదుపుతున్నాయి, గొంతు ఖంగుమంటోంది.

“ఒసే నర్సీ, ఇంత గొంతు పెట్టుకోని బడిలో ఎందుకే పాడవు?” అని అడిగాను.

అది అయోమయంగా చూసింది. “బడిలో చేతులు కట్టుకోమంటారు కదా టీచరమ్మా. చేతులు కట్టుకుంటే పాట యాడొస్తాది?”

ఈరమ్మ పకపకా నవ్వింది. “మా తావ పని చేస్తాంటేనే పాట తల్లీ. కలుపు తీస్తానో, జొన్నలు ఇసురుతానో పాడతాం. వట్టి చేతుల్తో కూసోని రాగం తీసేది పీనుగు కాడ మాత్రమే! మా నర్సి శుక్రారం ఇంటికొచ్చి, ‘టీచరమ్మకు ఎవురో సచ్చిపోయినట్లుండారు మా, పాపం, రాగం తీసి ఏడుస్తాంది’ అనె. నాలుగు మంచిమాటలు సెప్పి పంపుదామనే నిన్ను పిలిస్తి!”

అక్కడున్న ఆడవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ కాయలు వలవడానికి కూర్చున్నాను. సాయంత్రానికి వాళ్ళ పాటలు రెండు నాకు వచ్చేశాయి.

ఆ శుక్రవారం బడికి ఒక చేట బుడ్డలు పట్టుకెళ్ళాను. వలుస్తూ పాడమన్నాను. వలిచారు, వలిచినవన్నీ నోట్లో వేసుకున్నారు. నోటినిండా పప్పు పెట్టుకుని పాడేదెట్లా? హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడి పొట్టు చూసి, “ఏందమ్మా ఇది, బడినా, బుడ్డల మండీనా?” అన్నారు.

సరే, తినడానికి వీల్లేని పని ఏదని ఆలోచిస్తే అదే పీరియడులో ఉంది కదా బొమ్మ! వరండా బండలు నీళ్ళతో కడిగించి, పిల్లలకు సుద్దముక్కలిచ్చాను. కుండ పెట్టి దించమనలేదు, మీ ఇష్టం వచ్చింది గీయండన్నాను. ఆడపిల్లలు ముగ్గులు మొదలుపెట్టారు. మగపిల్లలు బండ్లు, గొర్రెలు, పీర్ల పండుగ గుండం గీశారు. కాసేపు సుద్ద గీతల చప్పుడే వినబడింది. తర్వాత నర్సి ముక్కుతో సన్నగా కూనిరాగం తీసింది. చుక్క చుక్క కలిపేకొద్దీ గొంతు లేచింది. మిగతావాళ్ళు అందుకున్నారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఎవరూ చూడకుండా ఒక గంతు వేశాను కూడా.

ఆ రోజు హెడ్మాస్టరుగారు ఠపీమని తన గది కిటికీ మూసేశారు. కొన్ని వారాలకు కిటికీ సగం తెరిచి ఉంది. దసరా సెలవుల తర్వాత పూర్తిగా తెరిచే ఉంటోంది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

ఇన్స్పెక్టరుగారు చెప్పాపెట్టకుండా ఒక శుక్రవారమే వచ్చారు. సైకిలు గోడకు ఆనించేలోపే హెడ్మాస్టరుగారు “చేతులు కట్టుకోండి!” అని అరిచారు. పిల్లలు బొమ్మల్లా బిగుసుకున్నారు. ఎక్కాలు, నోటిలెక్కలు గడగడా చెప్పారు. ఇన్స్పెక్టరుగారు టైంటేబుల్ చూసి, “సంగీతం కూడానా? ఏదీ, ఒక పాట పాడించండి” అన్నారు.

నేను గుమ్మం వైపు చెయ్యి చూపించాను. “సార్, పిల్లల్ని ఒక్కసారి వరండాలోకి...” అన్నాను.

“ఎందుకమ్మా లేపడం? చక్కగా కూర్చున్నారు కదా, అక్కడే పాడమనండి.”

నేను పాట ఎత్తుకున్నాను. ఒక్క పెదవీ కదల్లేదు. నర్సి కట్టుకున్న చేతుల వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“పోనీలెండి, ఎక్కడ చూసినా ఇంతే” అంటూ ఇన్స్పెక్టరుగారు కలం తీశారు. “పల్లె పిల్లలకు పాటలేం వస్తాయి. ఈ పీరియడు కూడా లెక్కలకే ఇవ్వండి.”

అయిపోయింది అనుకున్నాను. హెడ్మాస్టరుగారు పందెం గెలిచారు. ఆయన ఏం మాట్లాడకుండా నిలబడితే చాలు.

“ఒక్క నిమిషం సార్” అన్నారాయన. పిల్లల వైపు తిరిగారు. “ఏయ్, చేతులిప్పండ్రా! వరండాలోకి నడవండి. సుద్దలు తీసుకోండి!” అని, ఇన్స్పెక్టరుగారితో, “మా పిల్లోళ్ళకు పాట రాక కాదు సార్. మేం కట్టేసినాం, అందుకే రాలేదు” అన్నారు.

ఇక చూడాలి! పిల్లలు గువ్వల గుంపులా వరండా మీద వాలారు. సుద్ద బండను తాకిందో లేదో నర్సి ఎత్తుకుంది. కలుపు పాట అయ్యాక విసురుడు పాట, అది అయ్యాక బండి తోలే పాట. దారిన పోయే కూలీలు తట్టలు దించి నిలబడ్డారు. ఇన్స్పెక్టరుగారు చెప్పులు విప్పేసి, ముగ్గులు తొక్కకుండా ఒంటికాలి మీద గెంతుతూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు. టైంటేబుల్ మీద మారుమాట లేకుండా సంతకం పెట్టారు.

ఆయన వెళ్ళాక అడిగాను. “పందెం మీరే గెలిచింటిరి కదా సార్?”

“పందెం నీకూ నాకూ కదమ్మా” అన్నారు. “మన పిల్లోళ్ళకేమీ రాదనుకోని పోతాంటే ఎట్ల చూస్తా ఉండేది?” మళ్ళీ గొంతు సవరించుకుని, “శుక్రవారం ఒకటీ చాలదు. బుధవారం గూడా పెట్టుకో” అన్నారు.

ఆ బుధవారం ఆయనే ఒక సుద్దముక్క పట్టుకుని వచ్చి పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎద్దును గీశారు. అది గాడిదలా వచ్చింది. పిల్లలు కిసకిసలాడారు. నర్సి భయం లేకుండా, “అయివారూ, చెయ్యి ఆడతాంది గానీ నోరు ఆడల్యా. పాడండి!” అంది. ఆయన కాసేపు తల వంచుకుని గీస్తూనే ఉన్నారు. తర్వాత మెల్లగా కన్నడంలో ఒక విసురుడు పాట వచ్చింది. వాళ్ళమ్మ జొన్నలు విసురుతూ పాడిన పాటట. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పాడలేదట.

ఆ తర్వాత నేను చాలా బళ్ళు మారాను. ఏ బడిలో చేరినా ‘మీలో ఎవరికి పాట వచ్చు?’ అని ఎప్పుడూ అడగలేదు. ‘ఇంట్లో మీరేం పని చేస్తారు?’ అని అడిగేదాన్ని. పిల్లలు చేతులతో చేసి చూపించేవాళ్ళు. చూపిస్తూ చూపిస్తూనే పాడేసేవాళ్ళు.