మా బావ దగ్గర ఏ క్రేనూ చెడిపోదు

మా బావ చేతికొచ్చిన ఏ యంత్రమూ ఇంతవరకు చెడిపోలేదు. అన్నీ అలిగాయి, అంతే.

క్రేన్లు అద్దెకిచ్చే యార్డులో ఆయన హెడ్ మెకానిక్కు, నేను స్టోర్‌కీపర్ని. ఆపైన ఆయన మా అక్క మొగుడు. కాబట్టి పగలు యార్డులో, సాయంత్రం ఇంట్లో, రెండు పూటలా ఆయన్ని భరించే భాగ్యం నాకే దక్కింది. పంపు కీచుమన్నా, ఇంజన్ నల్లపొగ కక్కినా, గొట్టం పగిలి నూనె ధారగా కారినా, ఆయన నోట "చెడిపోయింది" అన్న మాట మాత్రం రాదు. సుత్తి చూపించి బెదిరించినా రాదు.

"బావా, దీనికేమైంది?" అంటే, బానెట్ మీద చెయ్యి వేసి, కళ్లు సగం మూసి, "అలిగిందిరా" అంటారు.

"అంటే కోపమొచ్చిందా?"

"కోపం పరాయివాళ్ల మీద వస్తుంది. అలక మనవాళ్ల మీదే. దీనికి మనం తప్ప ఎవరున్నారు చెప్పు?"

అందుకే యార్డులో ఆయనకి అలక మేస్త్రి అని పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు జీతం ఇచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. నా స్టోరుకి వచ్చినా ఇదే భాష. సిలిండర్‌కి వేసే రబ్బరు సీళ్లు అని అడగొచ్చు కదా? అడగరు. "ఒరేయ్, దానికి కొత్త గాజులు తియ్యి. పాతవి వదులైపోయి మొహం చిన్నబుచ్చుకుంది" అంటారు. నేను సైజు అడిగితే నాకు రసికత లేదంటారు.

ఇంట్లో మిక్సీ తిరగకపోతే అలక. కుళాయి చుక్కలు రాలిస్తే అలక. మోకాలు నొప్పని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, "ఎప్పట్నించి నొప్పి?" అని అతను అడిగాడు. "నొప్పి కాదండీ, మెట్లెక్కించానని అలిగింది" అన్నారు బావ. డాక్టరు బావని వదిలేసి నా వంక జాలిగా చూశాడు.

ఇంత తెలిసిన మనిషికి, మా అక్క నిజంగా అలిగితే మాత్రం చచ్చినా తెలియదు. ఒకసారి అక్క పొద్దున్నుంచి మాట్లాడలేదు. కంచం ఠక్కున పెట్టింది, తలుపు ధడాల్న వేసింది. బావ తృప్తిగా భోంచేసి చెయ్యి కడుక్కుంటూ, "తలుపు బందులకి కాస్త నూనె వెయ్యాలే" అన్నారు. ఆ పూట నేను మధ్యలో పడకపోతే ఆ నూనె డబ్బా ఆయన నెత్తిన పడేది.

ఆయన వైద్యంలో ఒక నియమం ఉంది. అలిగించినవాడే అలక తీర్చాలి. మా క్రేన్ ఆపరేటర్లలో మైకు అనే పెద్దమనిషి ఉన్నాడు. గొంతు అలాంటిది. రహస్యం చెబితే పక్క వీధివాళ్లు సలహా ఇస్తారు. అతనోసారి డీజిల్ చూసుకోకుండా ట్యాంకు అడుగంటేదాకా నడిపాడు. గొట్టాల్లోకి గాలి చేరింది, ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ డీజిల్ పోసినా స్టార్ట్ అవదు.

"పస్తు పడుకోబెట్టావు, అలగదూ?" అన్నారు బావ. "పంపు కొట్టు."

మైకు చేతిపంపు కొడుతుంటే, బావ ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేశారు. ముందు బుసబుసమని నురగ వచ్చింది. "వెక్కిళ్లు... కొట్టు, కొట్టు." చివరికి నురగ పోయి నికార్సైన డీజిల్ వచ్చింది. స్క్రూ బిగించి తాళం తిప్పితే ఇంజన్ గుర్రుమంది. మైకు భుజాలు ఊడి చేతికొచ్చాయి. ఆ తర్వాత అతను డీజిల్ ముల్లు చూడకుండా క్రేన్ ఎక్కింది లేదు. ఇదంతా బావ పిచ్చిలో భాగమనే అనుకుని నవ్వుకున్నాను.

యార్డు యజమాని ఒకావిడ. తండ్రి పోయాక ఆవిడే అన్నీ చూసుకుంటోంది. ఆ తండ్రి పెట్టిన రూలు ఒకటుంది. ఒళ్లు తెలియకుండా బండి పాడుచేసినవాడు ఆ సాయంత్రం గేటు దాటితే మళ్లీ లోపలికి రాకూడదు. ఆవిడ కూడా ఆ రూలుని తు.చ. తప్పకుండా పాటించేది. డీజిల్ అయిపోయినప్పుడు బండికి దెబ్బ తగల్లేదు కాబట్టి మైకుని ఒక హెచ్చరికతో వదిలేసింది.

ఆ హెచ్చరిక వేడి చల్లారకముందే మైకు రెండో ఘనకార్యం చేశాడు. ఎవరితోనో గట్టిగా కబుర్లాడుతూ, డీజిల్ డబ్బా తెచ్చి హైడ్రాలిక్ నూనె ట్యాంకులో కుమ్మరించాడు. రెండు మూతలూ పక్కపక్కనే ఉంటాయి, రెండూ జిడ్డుతో నల్లగా ఉంటాయి. డీజిల్ కలిసి పలచబడిన నూనెకి బరువు మోసే సత్తా ఎక్కడిది? పనిచోట ఇనుప దూలం ఎత్తబోతే క్రేన్ చెయ్యి సగం లేచి, నీరసంగా కిందికి జారడం మొదలుపెట్టింది. పంపు గావుకేకలు పెట్టింది. మైకు దూలాన్ని మెల్లగా నేలకి దింపాడు కాబట్టి సరిపోయింది. పని చేయించుకునేవాళ్లు మాత్రం యజమానమ్మకి ఫోన్ చేసి చెడామడా తిట్టేశారు.

క్రేన్‌ని షెడ్డుకి లాక్కొచ్చారు. బావ మూత తీసి, వేలు ముంచి, రాచి, వాసన చూశారు. మైకు వంక ఒక్క చూపు చూశారు. సంపాదించేవాడు ఇంట్లో అతనొక్కడే. ఆ వయసులో బయట ఇంకెవరూ క్రేన్ ఇవ్వరు.

ఇంతలో ఆవిడ రానే వచ్చింది.

"మేస్త్రిగారూ, ఏమైంది దీనికి?"

"అలిగిందమ్మా."

"దేనికట?"

"ఎండలో నిలబెట్టి బరువులు మోయిస్తున్నాం. ఒక మంచిమాట ఉందా, మన్ననుందా?"

ఆవిడ ట్యాంకు మీదకి వంగింది. "ఈ నూనె డీజిల్ వాసన కొడుతోంది."

"బాధలో ఉన్నవాళ్ల నోరు వాసన చూడకూడదమ్మా."

నాకు నవ్వాగక దగ్గు నటించాను. మైకు మాత్రం నవ్వలేదు. "అమ్మా... నేనే..." అన్నాడు. జీవితంలో మొదటిసారి అతని మాట పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

"నువ్వు నోరు మూసుకో. నీ గొంతు వింటే అది ఇంకా బిగుసుకుంటుంది" అని గదిమారు బావ.

"పోసిందెవరు మేస్త్రిగారూ?" ఆవిడ వదల్లేదు.

బావ గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. "యంత్రం అలిగిందంటే మనం తీర్చుకుంటాం. మనిషి తప్పు చేశాడంటే మీరు ఇంటికి పంపాలి. అతని చోట కొత్తవాడొస్తాడు. వాడూ ఏదో ఒక రోజు ఈ మూతే తీస్తాడు. ఇతను మాత్రం కలలో కూడా మళ్లీ తియ్యడమ్మా."

అప్పుడు వెలిగింది నా బుర్రలో. ఇన్నాళ్లూ అలిగింది ఏ క్రేనూ కాదు. ఒక్కో అలక వెనకా ఒక్కో మనిషి ఉద్యోగం దాక్కుని ఉంది.

ఆవిడ క్రేన్ పక్కనుండే ఇనుప కాలు మీద చెయ్యి వేసింది. "కాలేజీలో ఉన్నప్పుడు, నాన్న చూడకుండా ఓసారి క్రేన్ ఎక్కాను. క్రేన్ ఒరగకుండా పక్కకి చాపిన ఈ కాళ్లు లోపలికి తీసుకోకుండానే పోనిచ్చి, గోడ కూల్చేశాను. నాన్నకి మీరేం చెప్పారో గుర్తుందా?"

"లేదమ్మా" అన్నారు బావ. అబద్ధం ఆయన చెవుల దాకా ఎర్రగా పాకింది.

"'గోడకీ క్రేన్‌కీ ఎప్పట్నించో పడటం లేదండీ, ఇవాళ గోడే ముందు మాట తూలింది' అన్నారు. నాన్న నమ్మారంటారా?"

"ఎక్కడమ్మా! పడీ పడీ నవ్వారు. నవ్వినాక ఇంకెవర్ని తిడతారు?"

"తర్వాత మీరు ఆ కాళ్ల సిలిండర్లన్నీ నాచేత తుడిపించారు. గ్రీజు వాసన ఎన్నాళ్లకీ వదల్లేదు." ఆవిడ పెదవులు బిగబట్టి మైకు వైపు తిరిగింది. "ఈ ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, కడిగి, కొత్త నూనె పొయ్యండి. ఆ మూతలకి చెరో రంగు వెయ్యండి. అదయ్యేదాకా మీరు ఇంటికి వెళ్లడానికి వీల్లేదు."

ఇంటికి వెళ్లడానికి వీల్లేదు! ఆ మాట వినగానే మైకు ఒక్క గెంతు గెంతి క్రేన్ కింద దూరాడు. సంతోషం పట్టలేక, అడుగున డ్రమ్ము పెట్టకుండానే ట్యాంకు బోల్టు ఊడదీశాడు. నూనె జలజలా కారి, నేలంతా పాకి, యజమానమ్మ చెప్పుల దాకా వచ్చింది.

"ఇదేంటి మేస్త్రిగారూ?" అందావిడ, ఒక కాలు పైకెత్తి నిలబడి.

"ఆనందబాష్పాలమ్మా" అన్నారు బావ, డ్రమ్ము దొర్లించుకుని పరుగెడుతూ.