విన్నవానే, సింగారీ

బుచ్చవ్వ మనుషులతో మాట్లాడదు. ఆమె మూగది కాదు, చెవిటిది కాదు, ఏ వ్రతమూ పట్టలేదు. పొద్దున లేచింది మొదలు నడుం వాల్చేదాకా ఆ నోటికి తీరికే ఉండదు. కాకపోతే ఆ మాటలన్నీ తన బర్రెతోనే. బర్రె పేరు సింగారి. మనకేదైనా చెప్పాల్సి ఉంటే సింగారికి చెబుతుంది, మనం పక్కన నిలబడి వినాలి. మనమేదైనా అడిగితే సింగారి వైపు తిరిగి జవాబిస్తుంది. అర్థం చేసుకునే భారం మనది.

మాణికేశ్వర్ నగర్ చివర, యూనివర్సిటీ ముళ్లకంచె ఎక్కడ పడిపోయిందో అక్కడ మొదలవుతుంది బుచ్చవ్వ వ్యవసాయం. ఒక కొట్టం, దాని వెనుక పచ్చగడ్డి వేసుకున్న చిన్న చెలక, నాలుగు గోంగూర మళ్లు. పాలు తార్నాకలో పోసి వస్తుంది. తార్నాక వాళ్లకు నమ్మకం తక్కువ. ప్రొఫెసరుగారి భార్య శ్యామలాంబ అప్పుడప్పుడు పాలు పిండేటప్పుడు చూడటానికి తానే నడిచి వచ్చేది.

"ఏమిటి బుచ్చవ్వా, నిన్న పాలు మరీ పలచగా ఉన్నాయి."

బుచ్చవ్వ పొదుగు కడుగుతూనే అందుకునేది. "విన్నవానే, సింగారీ? నీ పాలు పలచగున్నయంట. నిన్న ఎండకు కుడితి ఎక్కువ తాగినవ్ గదా, ఆ నీళ్లు సీదా పొదుగులకే పోయినట్టున్నయి. నీ సంగతి నువ్వే చెప్పుకో అమ్మగారికి. నన్ను మధ్యల గుంజకు."

సింగారి తోక విసిరేది. శ్యామలాంబ చీర మీద పేడ చుక్క పడేది. తగువు అక్కడితో ముగిసేది.

యూనివర్సిటీ జాగాలు చూసే గుమాస్తా వెంకటేశం కథ ఇంకా అన్యాయం. కొట్టం యూనివర్సిటీ కంచె లోపలికి వచ్చింది, తీసేయాలని చెప్పడానికి సైకిలు మీద వచ్చాడు. మొదటిసారి బుచ్చవ్వతోనే మాట్లాడాడు.

"విన్నవానే, సింగారీ? సారు వచ్చిండు. కొట్టం తియ్యాల్నంట. నువ్వు తీస్తవా, నన్ను తియ్యమంటవా?"

"బర్రెను అడుగుడేందమ్మా, నేను నీతోని మాట్లాడుతున్న."

"నీతోని కాదంటనే, సింగారీ. ఊకో, నువ్వు అడ్డం మాట్లాడకు."

మూడో రాకకు వెంకటేశం లొంగిపోయాడు. సైకిలు దిగి నేరుగా బర్రె ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "చూడు సింగారీ, మా పెద్దసారు కోపం మీద ఉన్నడు, జెర సమజ్ చేసుకో" అన్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. వెంకటేశానికి సిగ్గేసింది గానీ బర్రె మాత్రం శ్రద్ధగా విన్నది.

ఆ కొట్టం గోడకు ఆనుకుని ఒక గది ఉండేది. అందులో దానియేలు కిరాయికి దిగాడు. జనగామ పక్క పల్లె, ఎమ్మే చదువు. అది తెలంగాణ కోసం పిల్లలు రోడ్డెక్కిన ఏడు. కాలేజీలు మూతపడ్డాయి, హాస్టలు మెస్సులో పొయ్యి ఆరింది. ఇంటికి వచ్చేయమని తండ్రి యోహాను కబురు పెడితే, ఉద్యమం విడిచి రానని దానియేలు తిరుగు కబురు పెట్టాడు. ఉద్యమానికి ఆకలి లేదు. దానియేలుకు ఉన్నది.

అతను దిగిన రోజే బుచ్చవ్వ మరిది భీమయ్య వచ్చాడు. భీమయ్యకూ నాలుగు బర్రెలున్నాయి. గల్లీలో ఎవరింట్లో ఎవరు మంచినీళ్లు తాగారో కూడా ఆయనకు తెలుసు. దానియేలు వింటుండగానే అన్నాడు.

"వదినే, పేరు చెప్తనే వాడ ఎరుకైతున్నది. కిరాయికైతే ఉండనియ్. కంచం మాత్రం పెట్టకు. కులపోళ్లల్ల తలెత్తుకోనియ్యరు."

"విన్నవానే, సింగారీ? నేను కిరాయికిచ్చింది గోడలు. మీ చిన్నాయినకు గోడల కులం గూడ కావాల్నంట."

కానీ కంచం మాత్రం పెట్టలేదు. దానియేలు గమనించాడు. ఎక్కడికి పోయినా ఇంతేనని లోపలే గొణుక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మర్నాడు సాయంత్రం గోడ అవతలి నుంచి మాటలు వినిపించాయి.

"సింగారీ, జొన్నరొట్టెలు ఉట్టిల పెట్టిన. ఎల్లిపాయ కారం గూడ పెట్టిన. నేను తార్నాకకు పోతున్న. తలుపుకు గొళ్లెం పడుతలేదు, పాడుగాను. ఏ పిల్లి అన్న జొర్రి తింటదో ఏమో."

దానియేలు లేచి కూర్చున్నాడు. ఇంత పనికొచ్చే సమాచారం అతనికి ఏ పత్రికలోనూ దొరకలేదు. బుచ్చవ్వ క్యాను ఎత్తుకుని కంచె దాటగానే ఆ ఇంటికి పిల్లి వచ్చింది.

దొంగతనంలో కూడా అతనికొక పద్ధతి ఉండేది. అనుమానం రాకూడదని రొట్టెముక్క ఒకటి నేల మీద పడేసేవాడు. ఒకరోజు చెంబు కూడా దొర్లించాడు. ఇంకోరోజు, పిల్లి మొత్తం తినదు కదా అని ఆలోచించి గోంగూర తొక్కు సగం వదిలేశాడు. మర్నాడు గోడ అవతలి నుంచి వార్త వచ్చింది.

"సింగారీ, పిల్లికి గోంగూర తొక్కు నచ్చినట్టు లేదే. సగం ఇడిచిపెట్టింది. ఈ పొద్దు పల్లీల తొక్కు నూరిన. చూద్దాం తింటదో లేదో."

ముసలమ్మ ఎంత అమాయకురాలు అనుకుని దానియేలు నవ్వుకున్నాడు. చదువుకున్నవాడి తెలివి మీద అతనికి ఆ రోజుల్లో గట్టి నమ్మకం ఉండేది.

సింగారి చూలు నిండి పాలివ్వడం మానేసింది. అది ఈనే రోజునే బంద్ పడింది. కడుపులో దూడ అడ్డం తిరిగింది. భీమయ్య తనకు తెలిసింది చేసి, ఇక చేతగాదని పశువుల డాక్టరుకు కబురు పంపాడు. డాక్టరు స్కూటరు మీద బయలుదేరాడు కూడా. తార్నాక దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు, రాళ్ల వెనుక పిల్లలు. బర్రె ఈనుతున్నదని ఆయన చెబితే ఎవరో నవ్వారు. స్కూటరు వెనక్కి తిరిగింది. రాళ్లు మోసినవాళ్లలో దానియేలు ఒకడు. నవ్వినవాళ్లలో కూడా ఉన్నాడేమో. గొంతు బొంగురుపోయేలా అరుస్తున్న గుంపులో ఎవరు నవ్వారో ఎవరికి గుర్తుంటుంది? ఏ బర్రె అని ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. అడగలేదు.

సాయంత్రం అతను గదికి వచ్చేసరికి సింగారి చచ్చిపోయి ఉంది. పక్కన, చివరికి భీమయ్యే ఎలాగో బయటికి లాగిన దూడ, తడితడిగా, చెవులు వేలాడేసుకుని, కాళ్లు ఎవరివో అన్నట్టు పడి ఉంది. పైగా దున్నదూడ. పాలమ్ముకునే ఇంట్లో దున్న పుడితే దానికి వదిలే ప్రతి గుక్కా నష్టమే. అందుకే చాలాచోట్ల దాన్ని అలాగే పోనిస్తారు.

"ఆశ ఇడువు, వదినే" అన్నాడు భీమయ్య. "తల్లి లేని దున్నకు పాలెవలు పోస్తరు?"

బుచ్చవ్వ నోరు తెరిచింది. అలవాటు కొద్దీ కట్టుగుంజ వైపు తిరిగింది. అక్కడ ఎవరూ లేరు. నోరు మూసుకుంది.

అలా మూసుకున్న నోరు మళ్లీ తెరవలేదు. గడప మీద కూర్చునేది, పొయ్యి దగ్గరికి పోయేది, మళ్లీ వచ్చి గడప మీద కూర్చునేది. దూడ వైపు చూసేది గానీ పేరు పెట్టలేదు, పలకరించలేదు. ఈ రోజో రేపో పోయేదానితో మాట కలిపితే మళ్లీ ఆ మాట తెంపుకోవాలి కదా.

గల్లీకి తోచలేదు. వెంకటేశం వచ్చి సైకిలు దిగి అటూ ఇటూ చూశాడు. "ఇప్పుడు నేను ఎవరికి చెప్పాలె?" అని దిక్కులేనట్టు అడిగి, కొట్టం సంగతి ఎవరికీ చెప్పకుండానే వెళ్లిపోయాడు. భీమయ్యకే జాలేసి తన బర్రెను తోలుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. "దీనితోనన్న మాట్లాడు, వదినే. ఇది గూడ మంచిగనే వింటది." బుచ్చవ్వ కొంగు సర్దుకుని దాని ముఖంలోకి చూసింది. బర్రె నెమరు వేసింది. పరాయి బర్రె. ఆమె తల అడ్డంగా ఊపి లోపలికి పోయింది.

ఆ మాట రావాలంటే దూడ బతకాలి. ఇది అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువ దానియేలుకు తెలుసు. రాళ్ల సంగతి ఎవరికీ చెప్పకుండా, సింగారి పోయిన మర్నాడే దూడ భారం నెత్తిన వేసుకున్నాడు.

తార్నాకలో మందుల షాపుకు పోయి సీసాకు పెట్టే రబ్బరు పీక అడిగాడు.

"బాబుకు ఎన్ని నెలలు?" అన్నాడు షాపాయన.

"నిన్ననే పుట్టిండు. జెర నలుపు. రేపు రేపు కొమ్ములొస్తయి."

సీసా భీమయ్య ఇంటి వెనుక దొరికింది. అది ముందు దేనికి వాడిన సీసానో భీమయ్య చెప్పలేదు, దానియేలు అడగలేదు. ఎంత కడిగినా దూడ మాత్రం వాసన చూసి ముఖం తిప్పుకుంది.

అసలు కావలసింది జున్నుపాలు. భీమయ్య బర్రె ఆ ముందు రోజే ఈనింది. కానీ ఆ పాలు జున్నుకని శ్యామలాంబ ఇంటికి వెళ్లిపోయాయి. దానియేలు ఆ గేటు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆమెది గుంటూరు. మొన్ననే ఆ వీధిలో నిలబడి, మీ ఊళ్లకు మీరు పోండని గొంతు చించుకుని అరిచి వచ్చాడు.

"నిన్నెక్కడో చూసినట్టుందే" అన్నది శ్యామలాంబ.

"రోడ్డు మీద చూసి ఉంటరమ్మా. బుచ్చవ్వ దూడకు జున్నుపాలు కావాలె."

ఆమె లోపలికి పోయి గిన్నె తెచ్చింది. పాలు ఇంకా పొయ్యెక్కలేదు. "తీసుకెళ్లు. మేం జున్ను తినకపోతే చచ్చిపోం. బుచ్చవ్వ మాట్లాడిందా?"

"లేదమ్మా."

"ఖర్మ. పాలు పలచగా ఉన్నాయని నేనిప్పుడు ఎవరితో దెబ్బలాడను?"

జున్నుపాలు రెండు గుక్కలు దిగాయి. తర్వాత దూడకు పారుడు పట్టుకుంది, ఒకటే విరేచనాలు. భీమయ్య చెప్పినట్టు పాలు ఆపి, ఉప్పేసిన గంజి పట్టాడు దానియేలు. తల ఒళ్లో పెట్టుకుని, దవడ పక్కనుంచి పీక దూర్చి, బతిమాలి, తిట్టి, పట్టాడు. సగం గంజి అతని పంట్లాముకే దక్కేది. మీటింగు ఉందని నేస్తాలు వచ్చి పిలిస్తే, "దీనికి గంజి పట్టి వస్తా" అన్నాడు. వాళ్లు నవ్వారు. ఈసారి ఎవరు నవ్వారో అతనికి బాగా గుర్తుంది.

పిల్లికి మాత్రం గడ్డు రోజులొచ్చాయి. గోడ అవతలి నుంచి వార్తలు లేవు. ఉట్టిలో ఏముందో, తలుపు ఎప్పుడు తెరిచి ఉంటుందో తెలియదు. ఆమె చెప్పకుండా పోతే అది దొంగతనం అవుతుందని, ఇన్నాళ్లూ చేసిందేమిటో మరిచిపోయి, దానియేలు నీళ్లు తాగి పడుకునేవాడు.

ఒక సాయంత్రం దూడ వణికిపోతుంటే కప్పడానికి గోనెసంచి కోసం బుచ్చవ్వ ఇంట్లోకి పోయాడు. ఆమె చెలకలో ఉంది. తల ఉట్టికి తగిలింది. ఉట్టి బరువుగా ఊగింది.

కుండ నిండా రొట్టెలు. కిందివి పెంకుల్లా ఎండిపోయాయి, వాటి పైవి అట్టల్లా బిగిసిపోయాయి, అన్నిటికంటే పైవి ఇంకా వెచ్చగా ఉన్నాయి. పక్కన తొక్కు, ఆ పూట నూరిందే. సింగారి పోయిన రోజు నుంచి ఒక్క పూట కూడా తప్పలేదు. చేస్తూనే ఉంది. వచ్చి తినమని చెప్పడానికి మాత్రం దారి లేదు.

గోనెసంచి పట్టుకుని దానియేలు అలాగే నిలబడిపోయాడు. పిల్లికి కంచం అక్కర్లేదు. పిల్లి ఏ వాడదని భీమయ్య అడగడు. పిల్లి తింటే కులపోళ్లు పంచాయితీ పెట్టరు. తిన్న పిల్లి ఎవరి ముందూ తల వంచుకోనక్కర్లేదు. ఇంత ఆలోచన చేసిన మనిషిని తను అమాయకురాలు అనుకున్నాడు. ఆ బర్రెను ఒక్కసారైనా మెడ నిమిరి పలకరించి ఉండవలసింది. ఇన్నాళ్లు తనను పిలిచి అన్నం పెట్టిన నోరు అది.

దూడ లేచిన పొద్దు ఎవరూ చూడలేదు. దానియేలు సీసా కడుగుతున్నాడు. బుచ్చవ్వ గడప మీద గోంగూర తుంచుతోంది. వెనుక కాళ్లు లేచాయి, ముందు కాళ్లు మడత పడ్డాయి, మళ్లీ లేచాయి. తాగినవాడిలా తూలుకుంటూ వచ్చి బుచ్చవ్వ కొంగు నోట్లో పెట్టుకుని చీకడం మొదలుపెట్టింది.

బుచ్చవ్వ చేతిలో గోంగూర ఆగిపోయింది. కొంగు లాక్కోలేదు. గొంతు సవరించుకుంది.

"ఏమ్రా, సింగన్నా" అన్నది. తుప్పు పట్టిన తలుపులా వచ్చింది గొంతు. "మీ అమ్మ ఉన్నప్పుడు మనింటికి ఒక పిల్లి వచ్చేది. చూసినవా, ఎట్ల చిక్కిపోయిందో. బొక్కలు తేలినయి."

దానియేలు సీసా కింద పెట్టాడు. ఆమె ముఖంలోకి చూసి చెప్పే ధైర్యం లేక దూడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"సింగన్నా, అవ్వకు ఒక్క మాట చెప్పు. ఆ దినం డాక్టరుకు అడ్డంగ రాళ్లు పెట్టినోళ్లల్ల నేను గూడ ఉన్న. దారి ఇడిస్తే మీ అమ్మ బతుకునేమో."

బుచ్చవ్వ నాలుగు గోంగూర ఆకులు తుంచింది. అయిదో దాన్ని చాలాసేపు పట్టుకుంది.

"విన్నవార, సింగన్నా? నాకు ఆ దినమే ఎరుకే. మీ భీమయ్య తాత చూసొచ్చి చెప్పిండు. బగ్గ కోపమొచ్చింది. పిల్లి కాళ్లు ఇరగ్గొట్టాలనుకున్న. రొట్టెలు కొట్టుకుంట అనుకున్న, కాల్చుకుంట అనుకున్న. అప్పటికి అవి అయిపోయినయి. అయినంక ఏం జేస్త, ఉట్టిల పెట్టిన." ఆమె లేచింది. "పోయింది రాదు గని, గిట్ల మొఖం పెట్టుకొని కూసుంటే రొట్టెలు సల్లారుతయని చెప్పు. కంచంల తినుడు పిల్లికి చేతనైతదా అని గూడ అడుగు."

లోపలికి పోయి ఇత్తడి కంచం తెచ్చి, గల్లీకంతా కనబడేలా గడప మీద పెట్టింది.

సరిగ్గా అప్పుడే భీమయ్య పాలక్యానుతో వచ్చాడు. కంచం చూశాడు, కంచం ముందు కూర్చున్న దానియేలును చూశాడు, వదిన ముఖం చూశాడు. నోరు తెరిచాడు. గల్లీ అంతా ఆ నోటి వైపే చూస్తోంది. భీమయ్య మెల్లగా దూడ వైపు తిరిగాడు.

"సింగన్నా" అన్నాడు, "ఈ నడుమ నాకు కండ్లు మసకలైనయిరా. దగ్గరున్నది గూడ కనవడ్తలేదు."

క్యాను చెయ్యి మార్చుకుని, దారిలో ఉన్న గుంతను మాత్రం చక్కగా తప్పించుకుని వెళ్లిపోయాడు.